కదలని చెవులు

పాలకొల్లు సంతలో రెండొందలు పోసి
అట్టపెట్టెలో పట్టుకొచ్చింది మా సువార్త.
మూత తీస్తే గుప్పెడు తెలుపు,
తెలుపంతా గుండె కొట్టుకోవడమే.
బొరుగు అని పేరు పెట్టింది.

ఇంట్లో అప్పటికే ఇద్దరున్నారు.
గుమ్మానికడ్డంగా పడుకుని ఎవరొచ్చినా లేవని కుక్క, సర్పంచి.
నా లేసుదారం ఉండలన్నీ తనవేననుకునే పిల్లి, మీగడ.

మొదటి వారం
సర్పంచి వెళ్ళి మొహంలో మొహం పెట్టి వాసన చూసేవాడు.
బొరుగు కదిలేది కాదు.
చెవులు వీపుకి అతుక్కుని,
కళ్ళు ఇంతింతై.
"ఎంత బుద్ధిమంతురాలో, అప్పుడే కలిసిపోయారు"
అని వీధంతా చెప్పుకున్నాను.
ఫోటో తీసి ఆడపడుచుకి కూడా పంపాను.

కుక్కకి సూది వెయ్యడానికి
పశువులాసుపత్రి కాంపౌండరు వజ్రం గారొచ్చి,
సైకిలు స్టాండు వేస్తూనే చూసి అడిగాడు:
"అమ్మా, దాని ముక్కు ఆడుతోందా?"
వంగి చూశాను. ఆడటం లేదు.
"ముక్కు ఆగిందంటే కలిసిపోవడం కాదండీ.
పారిపోడానికి దారి దొరక్క అలా అయిపోద్ది.
కుందేలుకి భయమేస్తే నోరెత్తదు."

ఆ మాట పట్టుకుని ఎందుకో
నాకు శనివారాలు గుర్తొచ్చాయి.
లేసు ఏజెంటు టేపు లాగి పట్టి
గజానికి రెండంగుళాలు తగ్గిందని కోత రాసుకుంటుంటే
చాపమీద అలాగేనండీ అంటూ కూర్చునే నేను.
"నరసాపురం మొత్తంలో మీ అంత నెమ్మదస్తురాలు లేదమ్మా"
అంటాడతను, ప్రతిసారీ.

మా మరిది చెరువుగట్టు మీద పారేసిన రొయ్యల వల తెచ్చి
వరండాకి అడ్డం కట్టాం.
కొబ్బరికాయల చెక్కపెట్టెకి
ఒకటి కాదు, రెండు గుమ్మాలు కోయించాను.
వెనక గుమ్మం ఉందని తెలిసిన రోజునుంచే
బొరుగు ముందు గుమ్మంలో కూర్చోవడం మొదలెట్టింది.

పిల్లి గురించే నేను భయపడింది.
తీరా చూస్తే
బొరుగే మీగడ ముందుకెళ్ళి తల నేలకి ఆనించింది.
దణ్ణం అనుకున్నాం.
కాదట. తల నాకమని హుకుం.
మీగడకి అర్థం కాలేదు, ఒక్కటిచ్చింది.
బొరుగు ముందుకాళ్ళతో నాలుగిచ్చింది.
మధ్యాహ్నం దాకా బీరువా మీదనుంచి దిగలేదు పిల్లి.
ఆ తర్వాత ఎవరు నేర్పారో,
చెవుల మధ్య రెండుసార్లు నాకి పక్కకి జరుగుతోంది.

దొరికిన ప్రతిదానికీ గెడ్డం రాస్తుంది బొరుగు.
మంచంకోడుకి, దారం సంచికి, నా కాలిమట్టెకి,
నిద్రపోతున్న మీగడ తోకకి.
వేలిముద్రలాంటిదట అది, ఇది నాదీ అని.
సర్పంచి గిన్నెకి మాత్రం ఇంకా రాయలేదు.

శ్రావణంలో వాన.
వీధి కాలవ పొంగి గడప దాకా వచ్చింది,
కరెంటు పోయింది,
అందరం ఒకే గదిలో.
చీకట్లో ధబ్‌మని నేల మోగింది.
మళ్ళీ ధబ్.
వెనక్కాలు కొడుతోంది బొరుగు.
దీపం ఎత్తి చూస్తే తూములోంచి నీరుపాము.
సర్పంచి లేచాడు, జీవితంలో మొదటిసారి అనుకుంటా.
మొరిగాడు. పాము వచ్చిన దారినే పోయింది.

తెల్లారుజామున బొరుగు దభాలున పక్కకి పడిపోయింది.
పొట్ట పైకి, కాళ్ళు బార్లా.
చచ్చిపోయిందని కేకేశాను.
ఒక కన్ను తెరిచి
ఏంటమ్మా నీ గోల అన్నట్టు చూసి మళ్ళీ మూసుకుంది.
ఇంత నమ్మకంగా ఈ ఇంట్లో ఎవరూ పడుకోలేదు.
పిల్లికి ఆనుకునే పడుకుంది.
కుక్కకి మాత్రం రెండు బారల దూరం.
అంతకు దగ్గరికి ఇప్పటికీ రాదు.
వాడూ అటు తిరిగే పడుకుంటాడు పాపం.

మొన్న శనివారం
టేపు సాగుతుండగా
చాపమీద నా మడమ తనంతట తను నేలని తన్నింది.
ధబ్.
"ఏంటమ్మా?" అన్నాడు ఏజెంటు.
మళ్ళీ కొలవండి, అన్నాను.
టేపు లాక్కుండా కొలవండి.

కొలిచాడు.
నిజంగానే తగ్గింది, అంగుళంన్నర.
మంచం కింద బొరుగు,
మూతికి తెల్లదారం వేలాడుతూ,
ముక్కు మహా జోరుగా ఆడిస్తోంది.
ఆ అంగుళంన్నర కోత ఒప్పుకున్నాను.
మిగతావి ఒప్పుకోలేదు.